వేలిముద్ర సర్పంచ్

నా చిన్నప్పుడు, ఏడో తరగతి చదివే రోజుల్లో, మా ఊరి సర్పంచ్ సంతకాలు నేనే పెట్టేదాన్ని. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. నవ్వాల్సిన సంగతి కాదని వాళ్లకెలా చెప్పాలో తెలియక నేనూ ఊరుకుంటాను. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నా చేతిని నేనే చూసుకోలేను.

మాది మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ నడుమ, బస్సు దిగి చాలాదూరం నడవాల్సిన ఊరు. తొంభైల్లో అప్పుడప్పుడే పట్నం వాళ్లు వచ్చి చేలల్లో హద్దురాళ్లు పాతుతున్నారు. అలాంటి రోజుల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరి సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్లదని కబురు వచ్చింది. ఆ రోజు మా పెద్దనాయిన, అంటే మా నాయినకు అన్న, అన్నం ముట్టలేదు. సర్పంచ్ కావాలని ఎన్నో ఏళ్లుగా ఊళ్లో ప్రతి పెళ్లికీ ప్రతి చావుకీ అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డ మనిషాయన. మర్నాటికి తేరుకుని, మనింట్లో ఆడవాళ్లు లేరా అన్నాడు. అలా మా పెద్దమ్మ ఎన్నికల్లో నిలబడింది. నిలబడిందనకూడదు, నిలబెట్టారు. కరపత్రం మీద పెద్దనాయిన ఫోటో చెయ్యంత వేసి, ఆమె ఫోటో ఓ మూలన బొటనవేలంత వేశారు.

ఇందులో ఎవరికీ వింత అనిపించలేదు. మా కులపెద్దలు పంచాయితీకి కూర్చుంటే ఆడవాళ్లు గోడ అవతల నిలబడి వినేవాళ్లు. తండాలో అందరి మాటా నాయక్ చెప్పేవాడు. మసీదు పక్క ఇళ్ల మాట వాళ్ల పెద్దాయన చెప్పేవాడు. దేవుళ్లు వేరు, భాషలు వేరు, వండుకునేవి వేరు. ఇంటి ఆడవాళ్ల తరఫున మగవాళ్లు మాట్లాడడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే పద్ధతి. నేనూ అదే లోకం తీరు అనుకున్నాను.

పెద్దమ్మకు పిల్లలు లేరు. మా ఇల్లూ వాళ్లిల్లూ ఒకే వాకిట్లో ఉండేవి, నా తిండీ నిద్రా వాళ్లింట్లోనే. ఆమె గెలిచి ప్రమాణం చేసిన రోజు కాగితం మీద వేలిముద్ర వేసింది. అది చూసి పెద్దనాయినకు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో పరువు పోయిందనీ, నెల రోజుల్లో దీనికి సంతకం నేర్పాలనీ నాకు పని అప్పజెప్పాడు. రోజూ సాయంత్రం గేదె పాలు పిండడం అయ్యాక వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో నేర్పేదాన్ని. ఆమె పేరులో నాలుగక్షరాలే ఉన్నా, మూడో అక్షరం కొమ్ము ఎప్పుడూ కిందికి జారిపోయేది. నేను బడిలో మా సార్ లాగే కసురుకునేదాన్ని. ఆమె కొంగుతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టేది.

పేరు మొత్తం తప్పు లేకుండా వచ్చిన రోజు ఆమె ఇంట్లో ఆగలేదు. బొగ్గుముక్క పట్టుకుని ఊరవతల నేల మీద చదునుగా పరుచుకున్న పరుపుబండ మీదికి పోయింది. అది మా ఊరి ఆడవాళ్ల జాగా. బట్టలుతికేవాళ్లు అక్కడే ఆరేసేవాళ్లు, మేము మిరపకాయలూ చింతపండూ వడ్లూ అక్కడే ఎండబెట్టుకునేవాళ్లం. మగవాళ్లు అటు వచ్చేవాళ్లు కాదు కాబట్టి ఆడవాళ్లు మనసులో మాట చెప్పుకునేదీ అక్కడే. పెద్దమ్మ అందరి ముందూ బండ మీద తన పేరు రాసింది. చుట్టూ చేరినవాళ్లు దాన్ని ముట్టుకుని మరీ చూశారు. ఆ సాయంత్రం ఆమె ముఖంలో చూసిన వెలుగు నేను ఆమె పెళ్లి ఫోటోలో కూడా చూడలేదు.

తర్వాత కాగితాలు రావడం మొదలైంది. కుర్చీలో పెద్దనాయిన కూర్చునేవాడు. సర్పంచ్ సాబ్ అని ఊరంతా పిలిచేది ఆయన్నే. పెద్దమ్మ ఎప్పుడు చూసినా చేనులోనో గేదెల దగ్గరో ఉండేది. మొదటి కాగితానికే పంచాయతీ సెక్రటరీ సార్ తొందరపడుతుంటే పెద్దనాయిన నన్ను పిలిచి, "మీ పెద్దమ్మ చేతులు పేడలున్నయి. నువ్వు పెట్టు బిడ్డా, నువ్వే గద నేర్పినవ్" అన్నాడు. నేను పెట్టాను. అది ఆమె బండ మీద రాసినదానికంటే అందంగా వచ్చింది. సెక్రటరీ సార్ నా చేతిరాతను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు నెత్తికెక్కింది. ఆ తర్వాత ఆమె చేతులు శుభ్రంగా ఉన్నా ఎవరూ ఆమెను పిలవలేదు. బడి నుంచి వచ్చి, సంచీ పడేసి, ఏముందో చదవకుండానే వరసగా సంతకాలు పెట్టేసేదాన్ని. సగం సర్పంచ్‌ని నేనేనని మా క్లాసులో గొప్పలు పోయేదాన్ని.

ఎండాకాలం ఒంటిపూట బడుల రోజు. మధ్యాహ్నం అన్నం తింటుంటే భూమి అదిరింది. అన్నంలో పోసుకున్న సల్ల పళ్లెంలోంచి వొలికింది. ఉరుము కాదు, ఆకాశంలో మబ్బే లేదు. బయటికి వచ్చి చూస్తే పరుపుబండ వైపు తెల్లటి దుమ్ము లేచి ఉంది. నేను పరుగెత్తి వెళ్లేసరికి అక్కడ ఎవరో కొత్త మనుషులు, ఒక డ్రిల్లింగ్ మిషను, బండ నడుమ నా ఎత్తు గొయ్యి కనిపించాయి. ఆరేసిన బట్టల నిండా రాతిపొడి. మందు పెట్టి పేల్చేముందు ఈల వేసి అందర్నీ తరిమారట, అయినా ఒక రాయి ఎగిరొచ్చి మాకు బట్టలుతికే అవ్వ భుజానికి తగిలింది. ఆమె రక్తాన్ని పట్టించుకోకుండా గొయ్యి వైపే చూస్తూ కూర్చుంది. కంకర మిషను పెడుతున్నామనీ, పంచాయతీయే బండను తమకిచ్చిందనీ వాళ్లు ఒక కాగితం చూపించారు.

ఆ కాగితం నకలు పట్టుకుని ఇరవైమంది ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చారు. పెద్దనాయిన ఇంట్లో లేడు. పెద్దమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. భుజానికి గుడ్డ కట్టుకున్న అవ్వ ఆమె ముందు నిలబడి, గొంతు పెంచకుండా, "నీ మొఖం జూసి ఓటేసినం. మా బండను నువ్వే రాసిచ్చినవంటగా" అంది. పెద్దమ్మకు ఏమీ అర్థం కాలేదు. కాగితం తీసుకుంది. చదవడం రాదు, కానీ ఆ నాలుగక్షరాలు ఆమెకు తెలుసు. చాలాసేపు వాటినే చూసింది. మూడో అక్షరం కొమ్ము ఎక్కడా జారకుండా నిటారుగా ఉంది.

తలెత్తి నన్ను చూసింది. దెబ్బలు తిన్న రోజులున్నాయి, కుక్క కరిచిన రోజుంది. కానీ ఒక మనిషి చూపుకే ఒళ్లంతా చల్లబడిపోవడం అప్పుడే మొదటిసారి తెలిసింది. ఆమె వాళ్లకు నా పేరు చెప్పలేదు. రేపు పంచాయతీ ఆఫీసు దగ్గరికి రమ్మని మాత్రం చెప్పి పంపించింది.

సాయంత్రం పెద్దనాయిన వచ్చాక వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది గోడ పక్కనుంచి విన్నాను. కంకర మిషను వస్తే ఊరికి రోడ్డు వేయిస్తామన్నారనీ, తాను ఊరి మంచికే చేశాననీ ఆయన అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని నేననుకోను. ఆ బండ మీద ఏం జరుగుతుందో ఆయనకు నిజంగానే తెలియదు. చివర్లో ఒక మాట అన్నాడు. "నీది గాదంటే దొంగ సంతకం కేసైతది. నన్నూ పోరినీ ఇద్దర్నీ పట్కపోతరు. జర ఆలోచించు." పెద్దమ్మ లేచి గేదెలకు గడ్డి వేయడానికి పోయింది. రాత్రి నాకు అన్నం పెట్టిందిగానీ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు అన్నం దిగేది.

మర్నాడు పొద్దున బండ గొడవ విని మండలం నుంచి ఆఫీసరు వచ్చాడు. ఆడవాళ్లు అంతమంది వస్తారని ఆయన అనుకోలేదు. కుర్చీలో పెద్దనాయిన, పక్కన సెక్రటరీ సార్, మెట్ల మీద పెద్దమ్మ. ఆఫీసరు తీర్మానం కాగితం ఆమెకు చూపించి, "ఇది మీ సంతకమేనా అమ్మా?" అని అడిగాడు. అవునంటే బండ పోతుంది. కాదంటే నేను జైలుకు పోతాను. నాకు అప్పుడు అంతకంటే ఎక్కువ తెలియదు. ఆఫీసు పక్కనే ఉన్న బడిగోడను ఆనుకుని నిలబడ్డాను.

పెద్దమ్మ లేచి కొంగు సర్దుకుంది. "నాకు సంతకం రాదు సారూ. నేను ఏలిముద్రదాన్ని. నా ఏలు వడ్డ కాయితమే నాది" అంది.

పెద్దనాయిన కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. అక్కడున్న ఆడవాళ్లందరూ ఆమె బండ మీద రాసిన పేరును కళ్లారా చూసినవాళ్లే. ఒక్కరంటే ఒక్కరు కిక్కురుమనలేదు. బట్టలుతికే అవ్వ ముందుకొచ్చి, మా సర్పంచమ్మకు అక్షరం ముక్క రాదు, ఊరంతా ఎరిగినదే అని చెప్పింది. వెనక మగవాళ్లలో ఎవరో నవ్వారు. ఆఫీసరు పాత రిజిస్టరు తెప్పించాడు. ప్రమాణం రోజు కాగితం మీద వేలిముద్ర ఉంది. ఆ తర్వాతి పేజీల్లో అన్నీ ముత్యాల్లాంటి నా సంతకాలే. ఆయన పేజీలు తిప్పి, పెద్దనాయిన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. అర్థమయ్యే ఉంటుంది. అన్ని ఊళ్లలోనూ ఆయన చూస్తున్నది అదే కదా. పెద్దమ్మ ఎవరి మీదా దొంగ సంతకమని ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టి, ఎవరు పెట్టారని ఆయనా అడగలేదు; సర్పంచ్ వేలిముద్ర లేని తీర్మానం చెల్లదని మాత్రం అన్నాడు.

తీర్మానాన్ని అందరికీ వినబడేలా చదవమని పెద్దమ్మ అడిగింది. చదివాక ఆడవాళ్ల వైపు తిరిగి, ఇష్టమేనా అని అడిగింది. కాదని అన్ని గొంతులూ ఒక్కసారే లేచాయి. అప్పుడు బండ ఇవ్వడం లేదని కొత్త కాగితం రాయించి, ఇంకు పూసుకుని, తానే వేలు పెట్టింది. మిషను మూడోనాడు వెళ్లిపోయింది. గొయ్యి మాత్రం అలాగే ఉండిపోయి, వానలకు నీళ్లు నిండేది.

ఇంటికొచ్చాక ఆమె కాళ్ల మీద పడి ఏడ్చాను. పెద్దమ్మా, నీకు వచ్చు కదా, ఎందుకు రాదన్నావు అని అడిగాను. అప్పుడు ఆమె చెప్పిన మాటే ఆమె నాకు నేర్పిన పాఠం. "సంతకమైతె ఎవలైనా పెడ్తరు బిడ్డా. ఏలు నాదొక్కదాందే. నీది సగం తప్పే. పేరు రాసుడు నేర్సుకొని సదువుడు నేర్సుకోకపోతిని, అది నాది. ఇగ కాయితమొస్తె సదివి ఇనిపియ్యి."

మిగిలిన పదవీకాలమంతా అలాగే గడిచింది. వచ్చిన ప్రతి కాగితాన్నీ నేను బండ మీద కూర్చుని గట్టిగా చదివేదాన్ని. ఆమె చుట్టూ ఉన్నవాళ్లని అడిగేది. వాళ్లు సరేనంటే వేలు పెట్టేది, లేదంటే కాగితం మడిచి పక్కన పెట్టేది. పెద్దనాయిన కొన్ని నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఊరి మగవాళ్లు ఆమెకు వేలిముద్ర సర్పంచ్ అని పేరు పెట్టారు. నెల రోజులు గచ్చు మీద కష్టపడి నేర్చుకున్న నాలుగక్షరాలను ఆమె మళ్లీ ఎక్కడా రాయలేదు. పింఛను కాగితం మీద కూడా వేలిముద్రే వేసింది. ఆమె పోయిన రోజు కూడా, పాపం చదువు రాని మనిషి, అన్నారు. నేను నోరు తెరవలేదు. నన్ను కాపాడడానికి ఆమె వదులుకున్నదాన్ని బయటపెట్టే హక్కు నాకు లేదనిపించింది. ఇప్పుడు ఇది రాస్తున్నందుకు ఆమె నన్ను మన్నిస్తుందో లేదో తెలియదు.

ఇప్పుడు నేను బహదూర్‌పల్లి దగ్గర ఒక కాలనీలో ఉంటున్నాను. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థులు, పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లు, కేరళ వాళ్లు, మాలాంటి ఇక్కడి వాళ్లు, అందరం ఉన్నాం. సంఘానికి నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. మీటింగుకు వచ్చిన ప్రతి మగమనిషీ, మా ఇంటి తరఫున నేను చెబుతున్నాగా, రాసుకోండి, అంటాడు. నేను రాసుకోను. నాకు మొండి అని పేరు వచ్చింది, రానివ్వండి. మర్నాడు కాగితం పట్టుకుని మెట్లెక్కి ఆ ఇంటి ఆమెనే అడుగుతాను. మొన్న మూడో అంతస్తులో తలుపు తీసినామె బాగా చదువుకున్న మనిషి, కండ్లకోయ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నేను వచ్చిన పని విని, "నన్నా? నన్ను అడగడానికి వచ్చారా అండీ?" అంది. పన్నెండేళ్లప్పుడు కాగితం మీంచి తలెత్తి పెద్దమ్మ నన్ను చూసిన చూపు మళ్లీ ఎదురైనట్టయింది. కాగితం ఆమె చేతికిచ్చి, అవునమ్మా, మిమ్మల్నే, అన్నాను.