అంటని తలకట్టు

అరసవల్లి రోడ్డులో నేను డీటీపీ చేసే ప్రెస్సులో ఒక ఫాంటుంది. దాన్ని మేం ‘సన్నం లావు’ అంటాం. నిలువు గీత రోకలంత లావు, మలుపు దగ్గర వెంట్రుకంత సన్నం, కొసల్లో చిన్న చిన్న ముక్కులు. పెళ్లికార్డు మీదో, చీరల కొట్టు బోర్డు మీదో పెద్దగా వేస్తే దాని దర్జాయే వేరు. చిన్న సైజులో మాత్రం సన్నగీతలు మాయమవుతాయి, లావుగీతలు సిరా పీల్చి ఒకదాన్నొకటి అంటుకుంటాయి. అందుకే చిన్న అక్షరాలతో కొట్టే పెద్దకర్మ కార్డులకు వాడం. వాటికి కాగితం కూడా నాసిరకమే పెట్టమంటారు. పోయినవాళ్ల దగ్గరే అందరికీ పొదుపు గుర్తొస్తుంది.

ఆ ఫాంటంటే మా అప్పకి ప్రాణం. మా వైపు అక్కను అప్ప అంటాం. కళింగపట్నం దగ్గర ఎండుచేపలు అమ్మేది. టౌనుకొచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని పెళ్లికార్డులు తిరగేసేది.

“ఒసే, ఈ అచ్చరం సూడే. నడుం సన్నం, కింద లావు. అచ్చం నానే! నా పెల్లికి కార్డే కొట్టలేదు కదా, ఎప్పుడైనా కొడితే దీంతోటే కొట్టాల.”

“నీకిప్పుడు కార్డెందుకే అప్పా, మల్లీ పెల్లాడతావేటి?” అంటే వీపు మీద ఒకటిచ్చేది. ఆ చేపల వాసన సాయంత్రం దాకా నా జాకెట్టును వదిలేది కాదు.

మొన్న జ్వరమని పడుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయింది. నలభై నిండలేదు. నాకు ఏడుపు రాలేదు. పెద్దకర్మ కార్డు నన్నే కొట్టమన్నాడు బావ.

“ఏ అచ్చరమైనా పర్లేదులే. ఫొటో కింద నీ తరపున ఓ ముక్క ఏస్కో,” అన్నాడు నేల చూస్తూ.

సన్నం లావుతోనే కొట్టాను. ఫొటో కింద ‘మా అప్ప’ అని వేశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. లోపల కరెంటు పోయిన ఇల్లులా ఉంది.

మొదటి కాపీ చూసి ప్రెస్సు యజమాని, “ఏటిది? ఫొటోలో పడుసు మనిసి, కింద అవ్వంతావేటి?” అన్నాడు.

తీసుకుని చూశాను. ‘ప’ నెత్తిన తలకట్టు ఒంటికి అంటకూడదు. అంటితే ‘వ’లా కనిపిస్తుంది. నాసి కాగితం మీద సిరా పాకి ఆ సందు పూడిపోయింది. కింద ఒత్తు కూడా ముద్దకట్టింది. మా అవ్వ.

వేరే ఫాంటు పెడితే చిటికెలో పని. పెట్టబుద్ధి కాలేదు. ఆమె పేరున కొట్టే కార్డు ఇదొక్కటే. అక్షరం పెద్దది చేసి, తలకట్టును కాస్త పక్కకి జరిపాను. ఇంకా అవ్వే. మరికాస్త జరిపాను. ఈసారి అప్ప అయింది.

“బావున్నాది, కొట్టీ,” అన్నాడు యజమాని.

దిద్దడానికి ఇంకేమీ మిగల్లేదు. ఏడుపు అప్పుడూ రాలేదు. పాడైన కాపీ చించబోయి ఆగిపోయాను. దాన్ని ఇంటికి తెచ్చి దాచుకున్నాను. మా అప్ప ముసలిదయింది ఆ ఒక్క కాగితం మీదే.