బంద్ రోజు రివ్యూయర్

2011లో నేను మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాన్ఫిగరేషన్ మేనేజర్‌ని. ప్రోగ్రామర్లు రాసిన కోడ్ అంతా చేరే సర్వర్ నా అధీనంలో ఉండేది. ఆ సర్వర్ మీద హుక్ అనే చిన్న స్క్రిప్టు ఉంటుంది. ఎవరు కోడ్ పంపినా ముందు అదే చూస్తుంది. మరొకరు చదివి ఆమోదించినట్టు రికార్డు లేకపోతే నిర్మొహమాటంగా తిప్పికొడుతుంది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. రేపు బంద్ ఉంటుందా, బస్సులు నడుస్తాయా అని కూకట్‌పల్లిలో మా టీవీ ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. బంద్ రోజు సగం మంది ఇంటి నుంచే పని చేసేవాళ్లు. కోడ్ చదివి ఆమోదించే రివ్యూయర్లు దొరక్క పని ఆగిపోయేది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. విసిగిపోయి ఒక అడ్డదారి పెట్టాను. కోడ్ పంపే ఆదేశం చివర రివ్యూయర్ పేరును ఆప్షన్‌గా, అంటే ఒక అదనపు మాటగా, తగిలించి పంపితే చాలు, ఆ పేరు టీమ్ జాబితాలో ఉంటే హుక్ వదిలేస్తుంది. ఆ మనిషి నిజంగా చూశాడా అని అడగదు. ఎవరో ఒకరి పేరు రాసేయండి, తర్వాత చూపించుకోండి అని ప్రోగ్రామర్లందరికీ చెప్పిందీ నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నెల తిరక్కముందే, ఆసుపత్రుల కోసం మేం చేస్తున్న ప్రోగ్రాం మందు మోతాదు తప్పుగా చూపిస్తోందని క్లయింట్ పరీక్షల్లో తేలింది. ఆ కోడ్ ఒక బంద్ రోజున వచ్చింది. ఎవరేం పంపారో సర్వర్ రాసుకునే లాగ్‌లో రివ్యూయర్ పేరు యాదగిరి. బోరబండ నుంచి వచ్చే కాంట్రాక్టు ఇంజనీరు అతను. అందరికంటే ఎక్కువ రివ్యూలు చేసేవాడు కాబట్టి అతని పేరే అందరి వేళ్లకూ అలవాటు. తప్పు దాటిపోతే బాధ్యత రివ్యూయర్‌దే అన్నది మా రూలు. శుక్రవారంతో అతణ్ణి పంపించేయాలని డెలివరీ మేనేజర్ నిర్ణయించారు.

ఆ కోడ్ తాను చూడనే లేదన్నాడు యాదగిరి. మరి ఆ రోజు ఏం చేస్తున్నావని మేనేజర్ అడిగితే నోరు విప్పలేదు. బయటికొచ్చాక మెట్ల దగ్గర నాతో చెప్పాడు.

"రైల్ రోకోల పట్టాల మీద కూసున్న సార్. గది చెప్తె కొలువు పోతది. చెప్పకపోయినా పోతది."

రెండు రోజులు నాకు కుదురు లేదు. అడ్డదారి పెట్టింది నేనని చెబితే, ఆ ఏడు రావలసిన నా ప్రమోషన్ పోతుంది. సీట్లో కూర్చోలేను, లేచి వెళ్లి టీ తాగలేను. సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. గురువారం మధ్యాహ్నం మేనేజర్ గదిలోకి వెళ్లి, నా ల్యాప్‌టాప్ ఆయన ముందే తెరిచాను. ఉత్త ఫైలు ఒకటి పంపాను. టీమ్ జాబితాలో ఆయనా ఉన్నారు కాబట్టి రివ్యూయర్‌గా ఆయన పేరే రాశాను. హుక్ కిమ్మనకుండా లోపలికి తీసుకుంది.

లాగ్‌లో తన పేరు చూసుకుని ఆయన ముఖం మాడిపోయింది.

"నేనెప్పుడు చూశానండీ దీన్ని?"

యాదగిరి కూడా అలాగే చూడలేదు, ఈ అడ్డదారి పెట్టింది నేను అని చెప్పాను. అతను ఆ రోజు ఎక్కడున్నాడో ఇక ఎవరూ అడగలేదు. అతని ఉద్యోగం నిలిచింది, నా ప్రమోషన్ పోయింది. యాదగిరి నాకు థాంక్స్ చెప్పలేదు.

"ఇగ నా పేరు రాయాలంటె జర నన్ను అడుగుండ్రి సార్" అన్నాడు, అంతే.

ఆప్షన్ అనేది పంపినవాడి మాట, సాక్ష్యం కాదు. రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి హుక్‌లోనూ మొదటి తనిఖీ ఒకటే: ఆమోదం ఇచ్చింది ఆ పేరుగల మనిషేనా, తన సొంత లాగిన్‌తోనేనా?