రాజు ఏరు దాటిన కాగితాలు

మా మేనత్త పోయిందని కార్డు వచ్చింది. అన్న రాశాడు, ఉర్దూలో. అన్నకు బడిలో అబ్బింది ఆ చదువే, అందులో అతని తప్పేమీ లేదు. కాని మాకు తెలుగు పద్యం నేర్పిన మనిషి చావుకబురు తెలుగులో రాలేదే అని, బోధన్‌లో నా కిరాయి గది గడప మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

అత్తకు చిన్నతనంలోనే భర్త పోతే బాన్సువాడలో మా ఇంటికే తిరిగొచ్చింది. ఆమెను ఎవరూ బడికి పంపలేదు. తమ్ముడికి, అంటే మా నాయనకు, పంతులు పాఠం చెబుతుంటే తలుపు వెనక బియ్యం చెరుగుతూ నేర్చుకుందట. నాయన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు, అత్త ఒక్క అక్షరం కింద పడనీయలేదు. ఈ సంగతి నాయనే చెప్పి నవ్వేవాడు.

ఆమె దగ్గర ఉన్నది ఒకే ఒక పుస్తకం, ఏదో పాత పద్యకావ్యం. మొదటి పుటలు చెదలు తినేశాయి కనుక దాని పేరేమిటో, రాసిందెవరో మాకెవరికీ తెలియదు. వానలు పడ్డాక మిడిల్ బడికి పోబోయే పిల్లలను ఎండాకాలం సెలవుల్లో పోగుచేసేది. ఆ బడిలో అన్నీ ఉర్దూలోనే. "గా చదువు బువ్వ పెడతది, మంచిగ నేర్చుకోండ్రి. పోయే ముందు గిది గూడ ఇంత నోట్లె ఏసుకోండ్రి" అనేది.

పుస్తకం ఒకటి, పిల్లలం నలుగురం. అందుకని అత్త ఒక పద్ధతి పెట్టింది. పుస్తకం కుట్టు విప్పి, నాలుగు కట్టలు చేసి, తలా ఒకటి ఇచ్చేది. ఎవరి కట్ట వాళ్లు ఇంట్లో చదువుకుని, పగటి అన్నాలయ్యాక వసారాలో కూర్చుని పైకి చదివి కథ చెప్పాలి. ఒకడు రాకపోతే కథ అక్కడే ఆగిపోయేది. మిగతా ముగ్గురం వాడి ఇంటికి పోయి రెక్క పట్టుకుని లాక్కొచ్చేవాళ్లం. "కట్ట నీదే బిడ్డా, కథ నలుగురిది" అనేది అత్త. మేం చదువుతున్నంతసేపూ ఆమె చేతిలో చేట ఆడుతూనే ఉండేది. తప్పు చదివితే తిట్టేది కాదు, చేట ఆపేది. చప్పుడు ఆగిందంటే వెనక్కి పోయి మళ్లీ చదవాలి. తొలకరి రాగానే కట్టలన్నీ తీసుకుని, గోనెసంచులు కుట్టే దబ్బనంతో పుస్తకాన్ని మళ్లీ కుట్టేసేది.

నాకు మూడో కట్ట వచ్చింది. దారి తప్పిన రాజు పొంగుతున్న ఏటి ఒడ్డున నిలబడి ఉంటాడు. ఒక ముసలి పడవవాడు, రాజని తెలియక, తిడుతూ తిడుతూనే అవతలి ఒడ్డుకు చేరుస్తాడు. ఆ తిట్లు కూడా పద్యాలే. ఎడ్లకు కుడితి పెడుతూ నేను అవే పాడుకునేవాణ్ని. సెలవులు అయిపోవచ్చేసరికి ఆ కాగితాలు వదలబుద్ధి కాలేదు. పోయేది తెలియని ఊరు, తెలియని భాష. నాదంటూ ఒకటి నా వెంట ఉండాలనిపించింది. పెట్టెలో బట్టల కింద దాచి, అత్త ముందుకు పోయాను.

"అత్తా, నా కట్ట కాలువల పడ్డది. కొట్టుకపోయింది."

చేట ఆగింది. "నువ్వు పడలే గద?"

"లే."

"ఇగ మంచిదే పో. తిందువు రా."

నాలుగు రోజులకు, బడిలో చేరడానికి నిజామాబాద్ ప్రయాణం. సాగనంపడానికి అత్త కూడా బండెక్కి నా పక్కన కూర్చుంది. బండి కాలువ వంతెన దాటుతుంటే కిందికి చూశాను. చుక్క నీరు లేదు. పూడిక తీయడానికి నెల కిందటే నీళ్లు బందు చేశారు. బురద ఎండి పెంకులు పెంకులుగా పగిలింది, అందులో మేకలు తిరుగుతున్నాయి. కాలువ గట్టు మీద పెరిగినవాణ్ని, వెతికి వెతికి ఆ అబద్ధమే ఆడాను. అత్త కూడా కిందికి చూసింది. తర్వాత నా మెడ మీద చెయ్యి వేసి, "ఎండ కొడుతుంది, రుమాలు కట్టుకో" అంది.

చదివేవారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. నాకు మాత్రం ఆ సిగ్గు ఇన్నేళ్లూ పోలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా కాగితాలు సంచిలో తెచ్చేవాణ్ని, ఇవ్వకుండానే పట్టుకుపోయేవాణ్ని. నా తర్వాతి పిల్లలకు మూడు కట్టలే. రాజు ఏటి ఒడ్డుకు చేరగానే అత్త, "ఈడ కాయితాలు లెవ్వు. రాజు ఎట్ల దాటిండో మీరే చెప్పుండ్రి" అనేది. ఒకడు రాజును ఈదించేవాడు. ఒక పిల్ల ఏనుగును తెచ్చేది. పిట్లం నుంచి వచ్చిన పిల్లవాడు ఏకంగా బస్సే ఎక్కించాడు. అత్త కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేది. ఒకసారి నేను అక్కడ ఉండగానే ఆ పిల్లవాడు అడిగాడు, "గా కాయితాలు ఎవలు పోగొట్టిండ్రు?" అని.

"ఎవ్వలు పోగొట్టలే. జర ఆలస్యమైంది, గంతే" అంది అత్త, నా వైపు చూడకుండా.

అప్పుడైనా ఇవ్వవలసింది. ఇవ్వలేదు.

కార్డు అందిన మరునాడే కాగితాలు తీసుకుని బాన్సువాడకు బయలుదేరాను. తీసుకునే మనిషి లేదు. వదిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, "నీకే ఇయ్యమన్నది" అంది. మొదటి రెండు కట్టలు గట్టిగా కుట్టి ఉన్నాయి. నాలుగోది విడిగా ఉంది. రెండో కట్ట దగ్గర దారం ముడి వేయకుండా, తెంపకుండా, జానెడు పొడుగు వేలాడుతోంది. దాని కొసన దబ్బనం అలాగే ఉంది.

"ఏటేట గంతవరకే కుట్టి ఆపేది" అంది వదిన. "ఎందుకత్తా అంటె, ఇంక రావాలె అనేది."

నా కాగితాలు ఆ చోట పెట్టాను. దబ్బనం పట్టుకున్నాను, మళ్లీ వదిలేశాను. కుట్టలేక, వసారాలో కూర్చుని, రాజు ఏరు దాటే పద్యాలన్నీ మొదటి నుంచి పైకి చదివాను. ఎన్నిచోట్ల తప్పు చదివానో నాకు తెలియదు. చేట గోడకు ఆనించి ఉంది.