పక్క గదిలో దారపు ఆట

శ్రావణ మాసం రెండో మంగళవారం, సాయంత్రం నాలుగూ పదికి మొదలైంది. నేను బోర్డు మీద మూడో వాక్యం రాస్తుండగా పక్క గదిలోంచి పెద్ద నవ్వు వినబడింది.

గుజరాతీవాళ్ళ ఊళ్ళో, ఈ భేస్తాన్‌లో, మన తెలుగువాళ్ళ సంఘానికి మేడ మీద రెండు గదులున్నాయి. మా ఆయన రైల్వేలో రిటైరైన ఏడాది నుంచి మంగళ, శుక్రవారాల్లో ఒక గదిలో ఆడవాళ్ళకు ఇంగ్లీషు చెబుతున్నాను. అందరూ సాంచాల మీద బట్ట నేసేవాళ్ళ ఇల్లాళ్ళే. రెండో గదిలోకి ఆ రోజే కొత్త టీచరు వచ్చింది. ఖటోదరాలో సాంచ నడిపినాయన కూతురు, నా దగ్గరే చదువుకున్న పిల్ల. నన్ను ఇన్నేళ్ళుగా టీచరమ్మా అంటున్నారు. దాన్ని మొదటి రోజే అక్కా అన్నారు.

ఆ నెల ఇద్దరం ఒకే పాఠం చెప్పాం: ఒకటి జరిగినప్పుడు ఇంకొకటి చేస్తాను అనే వాక్యాలు. నా పద్ధతి నాది. వాన వచ్చినప్పుడు గొడుగు తీసుకుంటాను, రైలు వచ్చినప్పుడు ఎక్కుతాను అంటూ పది వాక్యాలు రాస్తాను, వాళ్ళు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటారు. ఆ పిల్ల మాత్రం అందర్నీ గుండ్రంగా కింద కూర్చోబెట్టి దారపు కోను ఇచ్చింది. ఒకామె వాక్యం చెప్పి, దారం కొస పట్టుకుని కోను విసురుతుంది. అందుకున్నామె ఆ వాక్యం చివరితోనే తనది మొదలెట్టాలి. గోడ అవతల ఒకామె, "మా ఆయనకు పగటి డ్యూటీ పడినప్పుడు నేను రాత్రి నిద్రపోతాను" అంది ఇంగ్లీషులో. "నేను నిద్రపోయినప్పుడు మా అత్త టీవీ పెడుతుంది" అంది ఇంకో గొంతు.

ఆ రెండో గొంతు ఎవరిదో ముందు పోల్చుకోలేకపోయాను. కడుపులో తిప్పుతోందని అంతకుముందే నన్ను సెలవడిగి వెళ్ళిన, వడోద్ నుంచి వచ్చే ఆవిడది. నా క్లాసులో రెండేళ్ళు కూర్చుంది. ఒక్కసారీ నోరు విప్పలేదు.

దసరా వెళ్ళాక సంఘం కార్యదర్శి వచ్చాడు. "దీపావళి తర్వాత ఒక గది కుట్టుమిషన్లకిస్తున్నాం అమ్మా. క్లాసు ఒక్కటే ఉంటది. ఎవరికాడ ఎక్కువమందుంటే వాళ్ళదే."

వడోద్ ఆవిడ పోగా నా దగ్గర పన్నెండు మంది మిగిలారు. దాని దగ్గర ఎనిమిది. అయినా మర్నాడే వెళ్ళి ఒక కోను కొన్నాను.

సెలవులకు ముందు ఆఖరి శుక్రవారం ఆ కోను బల్ల మీద పెట్టాను.

"ఏంది టీచరమ్మా, గియ్యాల మీరు గూడ ఆటనేనా?"

"ఆట కాదు, అభ్యాసం. కింద కూర్చోండి."

"మరి మీరు?"

"నా మోకాళ్ళు కుర్చీలోనే ఉంటాయి."

వాక్యం మొదటి సగం నేనే ఇచ్చాను: దీపావళి అయ్యాక తిరిగొచ్చినప్పుడు. నిజమే చెప్పాలన్నాను. పక్క గదిలో నవ్వులు నిజాలకే పుడుతున్నాయని కనిపెట్టాను.

కోను పట్టుకున్నామె దాన్నే చూస్తూ, "నిజమే చెప్పాల్నా? కోపానికి రావద్దు మల్ల" అంది.

"రాను. చెప్పు."

"వెన్ ఐ కమ్ బ్యాక్, ఐ విల్ గో టు అక్కాస్ క్లాస్."

"జర మెల్లగ చెప్పరాదే!" అని పక్కామె మోచేత్తో పొడిచింది. కోను ఆమె ఒళ్ళోనే పడింది. "వెన్ షీ గోస్, ఐ విల్ గో విత్ హర్" అంది తలొంచుకుని.

ఎక్కడైనా తప్పు దొరికితే ఆపుదామని విన్నాను. పన్నెండు మందీ చెప్పారు. తప్పు దొరకలేదు. అలా తప్పు రాకుండా నేర్పింది నేనే, ఆ బోర్డు మీదే.

ఐదింటికి ఆ పిల్ల గుమ్మంలోకొచ్చింది. "అరే, మీరు గూడ గేమ్ ఆడిపిస్తున్నరా! చలో టీచరమ్మా, దివాలీ తర్వాత ఇద్దరం కలిసి చెప్దాం. బోర్డు మీరు రాయుండ్రి."

ఆలోచిస్తానన్నాను. ఆలోచించలేదు.

పోయినవి: పదమూడు మంది ఆడవాళ్ళు. వారానికి రెండు సాయంత్రాలు. కిటికీ ఉన్న గది, అందులో నల్లబల్ల. కొత్త దారపు కోను ఒకటి. ఆ రోజు వాళ్ళే పట్టుకుపోయారు. వడోద్ ఆవిడ గొంతు నాకు ఎప్పుడూ లేదు, అందుకని ఈ లెక్కలో వేయలేదు.