గడప దగ్గర విన్నీ ప్రశ్న

విన్నీ రెయిన్ వంటింట్లోకి వచ్చిందంటే కూతురు బిస్కెట్ల డబ్బా దాచేస్తుంది.

"ముందు నిజం చెప్పమ్మా. గడప బయట ఉండగానే వీటిమీద కన్నేశావా, లోపలికొచ్చాక నోరూరిందా?"

"లోపలికొచ్చాకే తల్లీ. ఉత్త దొంగతనం అని రాసుకో" అంటుంది విన్నీ, అప్పటికే ఒకటి నోట్లో వేసుకుని.

ఇంగ్లండులో డరమ్ బొగ్గుగనుల ఊళ్లో పుట్టి, వకీలు ఆఫీసులో టైపిస్టుగా చేరి, నలభై ఒకటో ఏట తనే వకీలు పరీక్ష పాసైన మనిషి. పోలీసులు ఎవరిని పట్టుకొచ్చినా స్టేషన్లో వాళ్ల తరపున పక్కన కూర్చునేది ఆమే. ఇరవై ఏళ్లుగా అందరినీ అడిగేది ఒకటే: గడప దాటేటప్పుడు నీ మనసులో ఏముంది? ఇంటివాళ్లు రమ్మంటే వెళ్లి, అక్కడ కన్ను చెదిరి ఏదైనా తీస్తే అది దొంగతనం. తీయాలనుకునే అడుగుపెడితే వాళ్లు రమ్మన్న మాట చెల్లదు, అది చొరబాటు. శిక్షా పెద్దది, మచ్చా పెద్దది.

ఒక సెప్టెంబరు ఉదయం స్టేషన్ బల్లకు అవతల కత్‌బర్ట్ కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కింటి ముసలాయన. వీధిలో ఎవరు ఊరెళ్లినా తాళంచెవి ఆయనకే ఇచ్చిపోతారు. ఆయన వాకిట్లో మేకులకు తొమ్మిదిళ్ల తాళంచెవులు వేలాడుతుంటాయి. భార్య పోయాక ఆయనకు మిగిలిన మర్యాదంతా ఆ మేకులమీదే ఉంది.

అదే వీధిలో ఉండే నార్మన్ హెస్లాప్ స్పెయిన్ వెళ్తూ పిల్లిని ఈయనకు అప్పగించాడు. తిరిగొచ్చేసరికి, ఎవరి ఉల్లికాడలు లావుగా పెరిగాయో చూసి ఊరి క్లబ్బు ఏటా ఇచ్చే కప్పు, నార్మన్ గెలిచింది, ఇంట్లోంచి మాయం. నార్మన్ పెట్టె దించేలోపే మేనకోడలు పోలీసులకు ఫోన్ చేసేసింది. కప్పు కత్‌బర్ట్ మంచం కింద దొరికింది. చొరబాటు కేసే అంటున్నారు.

"తీశాను విన్నీ. ఆ పోటీలో పదకొండేళ్లుగా నాకు రెండో బహుమతే. తిరిగిచ్చే ఉద్దేశం కూడా లేదు" అన్నాడు కత్‌బర్ట్.

"అది సరే. తాళం తీసేటప్పుడు?"

"పిల్లి అరుస్తోంది. దానికి తిండి పెట్టాను. తల ఎత్తితే అల్మారామీద కప్పు."

విన్నీ కలం ఆగిపోయింది. ఆ కప్పు క్లబ్బులో అద్దాల బీరువా దాటి రాకూడదు. గెలిచినవాడికి ఇంటికి దక్కేది ఫోటో ఒక్కటే. ఊరందరికీ తెలిసిన నియమం అది. బయటినుంచి వచ్చిన పోలీసులు మాత్రం అది నార్మన్ సొంత కప్పే అనుకుంటున్నారు.

"అది ఆ ఇంట్లో ఉందని నీకెలా తెలుస్తుంది? తెలియనిదాన్ని తీయాలని ఎలా అనుకుంటావు? ఈ ముక్క చెబితే చాలు, చొరబాటు కేసులోంచి బయటపడతావు!"

"చెప్పను. నార్మన్ దొంగచాటుగా ఇంటికి తెచ్చుకున్నాడని తెలిస్తే క్లబ్బు వాడిని వెలేస్తుంది. ఆ ఉల్లికాడలు తప్ప వాడికేం ఉన్నాయి? నువ్వూ నోరు విప్పకు."

ఆయన వద్దన్నాక, ఆయన వకీలుగా ఆమె చెప్పడానికి వీల్లేదు. "ముసలి మొండిఘటం! కప్పు కాజేసిన చేత్తోనే పరువు కాపాడతాడట!" అని తిడుతూ బయటికొచ్చింది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. ఆయనమీద ఆమెకు ఎప్పటికన్నా ఆ రోజే ఎక్కువ ప్రేమ కలిగింది.

బయట కౌంటర్ దగ్గర, ఎండకు కమిలిన ముక్కుతో నార్మన్ నిలబడి సార్జెంటుతో పోట్లాడుతున్నాడు.

"రాసుకోవయ్యా! కప్పు నేనే తెచ్చుకున్నా, క్లబ్బుకు చెప్పకుండా. ఒక్క వారం చూసుకుందామని. వాడికి తెలిసే దారే లేదు. వెధవ దొంగే, కాదనను. కానీ నా ఇంట్లోకి దొంగలా రాలేదు."

కోర్టులో కత్‌బర్ట్ దొంగతనం ఒప్పుకున్నాడు. మళ్లీ తప్పు చేయొద్దని హెచ్చరించి వదిలారు. క్లబ్బు నార్మన్‌ను ఏడాదిపాటు పోటీకి రానివ్వలేదు.

వీధివాళ్లు తాళంచెవులు వెనక్కి తీసుకోవడంతో కత్‌బర్ట్ వాకిట్లో తొమ్మిది మేకులూ బోసిగా ఉన్నాయి. వారం తర్వాత నార్మన్ వచ్చి తన తాళంచెవి మొదటి మేకుకు తగిలించి వెళ్లాడు. నెల తిరిగేసరికి మిగతా ఎనిమిదీ వచ్చాయి.

ఇప్పుడు నార్మన్ ఊరెళ్లినప్పుడల్లా విన్నీ కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. కత్‌బర్ట్ పిల్లి తిండి డబ్బా పట్టుకుని ఆ గడప ముందు ఆగుతాడు. వీధంతా వినపడేలా అరుస్తాడు:

"విన్నీ! మనసులో పిల్లి తప్ప ఏం లేదు! వెళ్తున్నా!"