బొటనవేలంత వదులు

మొన్న డాబా మీద నీళ్ల ట్యాంకు పైపు ఊగుతుంటే, గోడకు బిగించే క్లాంపు కొందామని చిలకలూరిపేట బజార్లో హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లాను. కొట్టతను నా చేతిలోని పైపు ముక్క తీసుకుని రెండు మూడు క్లాంపులు తొడిగి చూశాడు. "టైటుగా పట్టెయ్యాలా అండీ, కొంచెం వదులుండాలా?" అని అడిగాడు. అరవయ్యారేళ్ల మనిషిని, జవాబు చెప్పలేని ప్రశ్నేం కాదు. అయినా ఆ క్లాంపుల్ని ఒక్కొక్కటీ తీసి చూసి, మళ్లీ కింద పెట్టి, చివరికి "మీకెలా తోస్తే అలా ఇవ్వండి" అనేసి వచ్చాను. పాపం, పెద్దావిడకు మతిమరుపు అనుకుని ఉంటాడు. నాకు నిజంగా మతిమరుపే వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

నేను పుట్టింది చీరాలకు దిగువన, సముద్రం అంచున ఉన్న ఒక ఊళ్లో. మా నాన్న పడవల వడ్రంగి. పగుళ్లలో పీచు కూరడం, చెక్కలు అతకడం, తెరచాప కొయ్యలు నిలబెట్టడం ఆయన పని. మా ఊరి పడవల్లో చాపను పొడవాటి అడ్డకొయ్యకు కట్టేవాళ్లు. ఆ అడ్డకొయ్య నిలువు కొయ్యను అంటిపెట్టుకుని పైకీ కిందికీ జారాలి. అందుకోసం చాలామంది కొబ్బరితాడుతో చుట్టు వేసుకునేవాళ్లు. కాస్త కలిగినవాళ్లు ఇనప కడియం పెట్టించుకునేవాళ్లు. ఎవరైనా కడియం తెస్తే నాన్న దాన్ని కొయ్యకు తొడిగి, మధ్యలో తన బొటనవేలు దూర్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయించేవాడు. ఎక్కడైనా వేలు ఆగిందంటే ఆ కడియం వెనక్కి పోవాల్సిందే. ఆయన వేలు లావుపాటిది కావడంతో పడవల వాళ్లు ఆయన్నీ ఆ వేలినీ కలిపి తిట్టుకునేవాళ్లు. "చాప ఎక్కించడం ఎవడైనా ఎక్కిస్తాడే. గాలి తిరగబడ్డప్పుడు ఒక్క లాగుకి దిగాల. దిగలేదంటే పడవ తిరగబడిపోద్ది" అని నాకు చెప్పేవాడు. నాకు పందొమ్మిదో ఏట, పడవ కిందే పని చేస్తూ గుండె ఆగి పోయాడు. ఏడాది తిరక్కుండా మేనమామలు నన్ను పర్చూరు అవతల ఒక నల్లరేగడి ఊళ్లో బండ్ల కమ్మరి ఇంటికి కోడలిగా పంపారు.

ఆ ఊరికి మూడు వైపులా మిరప, ఒక వైపు పత్తి. వేసవిలో కళ్లాల్లో ఎండే కాయల ఘాటుకు నేను కాపురానికి వెళ్లిన మొదటి నెలంతా దగ్గుతూనే ఉన్నాను. "సముద్రపు పిల్లకి మిరపకాయ పేరు చెప్పినా దగ్గొస్తది" అని మా అత్తగారు వచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వేది. మా ఆయన పేటలో లేతు మిషన్ దగ్గర పని చేస్తూ ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. దాంతో కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పే పని నాకు వచ్చింది. మామగారికి ఎదురుగా రోజంతా కూర్చునేదాన్నే కానీ ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే అత్తగారికి చెబితే ఆవిడ ఆయనకు చెప్పేది. ఆ చెప్పడంలో సగం మాటలు ఆవిడ దగ్గరే ఉండిపోయేవి.

మామగారు బండి చక్రాలకు పట్టాలు వేయడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఇనప పట్టాను చక్రం కంటే వేలెడు తక్కువగా కోసి, చుట్టి, అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రానికి దిగేసి నీళ్లు కుమ్మరించేవాడు. అది చుయ్యిమంటూ ముడుచుకుని కొయ్యను కరుచుకునేది. ఆయన వేసిన పట్టా కదిలిందని ఎవరైనా అంటే ఆ పూట అన్నం తినేవాడు కాదు. ఎండలకు కొయ్య ఎండి, చక్రం కాస్త వదులైతే రైతులు దాన్ని చెరువు నీళ్లలో నానబెట్టేవాళ్లు. తెల్లారేసరికి కొయ్య ఉబ్బి మళ్లీ బిగిసేది. అందుకని కొయ్య ఉబ్బడమన్నది ఆయన దృష్టిలో దేవుడు చేసే సాయం. మిరపకాయల బస్తాలతో గుంటూరు యార్డుకు పోయే బండి దారిలో చక్రం ఊడకుండా కాపాడేది అదే. ఇది నేను ఆయన మీద నేరంగా చెప్పడం లేదు. ఆయన పనిలో అది అక్షరాలా నిజం.

నేను వెళ్లిన రెండో వేసవిలో మా ఊరి నుంచి బాబాయి వచ్చాడు. రక్తసంబంధం కాదు, వరసకు బాబాయి. నాన్న చేసిన పడవలోనే తమ్ముడితో కలిసి వేటకు పోయేవాడు. నాన్న పోయాక ఒడ్డున పనివాళ్లు లేక, మా అమ్మాయి ఇంట్లో కొలిమి ఉంది కదా అని బస్సెక్కి వచ్చేశాడు. మా ఇళ్లలో నీచు ముట్టరని తెలుసు కాబట్టి జీడిగింజలు సంచి నిండా తెచ్చాడు. కానీ ఆ సంచి అంతకుముందు చేపలు మోసిన సంచి. అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మరీ ఆ గింజల్ని మూడుసార్లు కడిగింది. బాబాయి చొక్కా జేబులోంచి ముడి వేసిన పురికొస తీసి మామగారికి ఇచ్చాడు. అది తెరచాప కొయ్య చుట్టుకొలత. "తాడు చుట్టు ప్రతి యేడూ తెగిపోతావుందండీ. ఇనపది ఒకటి చేసిపెట్టండి, మీ చేతి పనైతే నా కొడుకు దాకా ఉంటది" అన్నాడు. ఆ మాటతో మామగారి ముఖం ఎలా వెలిగిందో ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఆయన పాత పట్టా ముక్క తీసుకుని, పురికొస కొలతకు దారమంత కూడా అటూ ఇటూ పోకుండా గుర్తు పెట్టాడు. నేను చక్రం తిప్పుతూ చూశాను. చూడగానే తెలిసిపోయింది. బాబాయికి తెలియకపోవడంలో వింత లేదు. ఆయన పుట్టినప్పటి నుంచి తాడుతోనే పని చేశాడు, తాడు లాగితే సాగుతుంది, తిప్పితే తిరుగుతుంది. మామగారికి తెలియకపోవడంలోనూ వింత లేదు. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

అసలు చెప్పలేదా అంటే, చెప్పాను. లోపలికి వెళ్లి పొయ్యి దగ్గర అత్తగారితో, "కొయ్య తడిస్తే ఉబ్బుద్ది గదత్తయ్యా. మా నాన్న బొటనవేలు దూరేంత వదులు ఉంచేవాడు" అన్నాను. ఆవిడ నా వంక చూసి, "మీ మావయ్యకి నువ్వు కొలత చెబుతావా? ముందా పప్పు చూడు, అడుగంటుతుంది" అంది. పప్పు చూశాను. అప్పటికీ బాబాయి బయట వేప చెట్టు కింద కూర్చుని మజ్జిగ తాగుతూనే ఉన్నాడు. నాకు ఆయనతో మాట్లాడటానికి అడ్డేమీ లేదు. మంచినీళ్లిచ్చే నెపంతో వెళ్లి ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఎందుకు అనలేదో కూడా దాచను. అంతకు ముందు వారమే మామగారు ఎవరితోనో మాట్లాడుతూ, "పడవల వడ్రంగులదేముందయ్యా, పనితనం తప్పిన చోటల్లా ఇంత పీచు కుక్కి బతికేస్తారు" అని పెద్దగా నవ్వాడు. అది నాకు వినపడుతుందని ఆయనకు తెలుసో లేదో తెలియదు. చచ్చిపోయిన మా నాన్నను అన్నట్టే అనిపించి ఆ రాత్రి నాకు మెతుకు దిగలేదు. అందుకని పప్పు కలుపుతూ మనసులో అనుకున్నాను: చెయ్యనీ, బిగుసుకోనీ, మళ్లీ తెచ్చి మొహాన పెడతారు, అప్పుడు తెలుస్తుంది మా నాన్న వేలెందుకు పెట్టేవాడో. నేను కోరుకున్నది అంతవరకే. కానీ కోరుకున్నాను.

కడియం తయారయ్యాక ఆకురాయితో లోపలంతా నున్నగా రాకి, కొలతకు సరిపోయే తుమ్మ దుంగ ఒకటి నిలబెట్టి తొడిగాడు మామగారు. అది కుదుపు లేకుండా, చప్పుడు లేకుండా, తనంతట తనే మెత్తగా కిందికి జారింది. చూడటానికి వచ్చిన ఇద్దరు రైతులు కూడా మెచ్చుకున్నారు. బాబాయి దాన్ని మోచేతి దాకా గాజులా తొడుక్కుని, మేమిచ్చిన ఎండుమిరపకాయల మూట భుజాన పెట్టుకుని, "వస్తానమ్మాయ్, అమ్మకేమన్నా చెప్పమంటావా?" అన్నాడు. బాగానే ఉన్నానని చెప్పమన్నాను.

తొలకరి జల్లులకు కడియం కొంచెం పట్టేసిందట, ఆముదం రాస్తే సరిపోయిందట. ఆశ్వయుజంలో మూడు రోజులు ముసురు పట్టింది. పడవ ఒడ్డునే ఉండి కొయ్య నిలువునా నానింది. నాలుగో రోజు తెరిపిచ్చిందని పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ బయల్దేరారు. వాళ్లతో పాటు ఊళ్లో పడవలన్నీ వెళ్లాయి. మధ్యాహ్నానికి గాలి తిరగబడింది. అందరూ చాపలు దించుకున్నారు. వీళ్ల చాప ఒక్కటి దిగలేదు. తమ్ముడు తాడు లాగుతుంటే బాబాయి ఎగిరి అడ్డకొయ్య పట్టుకుని, తన బరువుకైనా దిగుతుందేమోనని వేలాడాడు. పడవ ఒరిగింది. తడిసిన చాప ఆయన మీద పడింది. తమ్ముడు పడవ అడుగును కరుచుకుని బతికాడు. బాబాయిని మూడో రోజు ఒడ్డుకు తెచ్చింది సముద్రం.

ఇదంతా మాకు తెలిసింది తమ్ముడు కొలిమి దగ్గరకు వచ్చినప్పుడు. అప్పటికి ఇరవై రోజులైంది. మాకు అందిన కబురల్లా గాలికి పడవ తిరగబడి పోయాడనే. తమ్ముడు తిట్టడానికి రాలేదు. సంచిలోంచి, నరికి కొయ్య నుంచి ఊడదీసిన కడియాన్ని తీసి మామగారి ముందు పెట్టాడు. పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పి, "మళ్లీ వేటకి పోవాలండీ, రెండు కొంపలు నా మీదే ఉండాయి. ఇందులోనే ఇంకో ముక్క అతికి కాస్త వదులుగా చేసిపెట్టండి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "వదినకి కడియం సంగతి చెప్పలేదమ్మాయ్. గాలికి పోయాడంటే ఏడ్చి ఊరుకుంటది. దీనికి పోయాడని తెలిస్తే జన్మంతా దీన్నే తలుచుకుంటది. నువ్వూ చెప్పమాక" అన్నాడు.

మామగారు ఆ ఇనుమును చేతిలోకి తీసుకుని నరికిన చోట వేలితో తడిమాడు. అత్తగారు గడప దగ్గర నిలబడి ఉంది, తలెత్తలేదు. అప్పుడాయన, కాపురానికి వచ్చిన రెండేళ్లలో మొదటిసారి, నన్ను నేరుగా అడిగాడు. "ఎంత వదులుండాలమ్మా?"

చక్రం వదిలేసి కుడి చేతి బొటనవేలు ఎత్తి చూపించాను. మామగారు దాన్ని చూశాడు. నా వేలు సన్నం. "మీ నాన్నది ఇంకా లావుంటది గదమ్మా" అన్నాడు తమ్ముడు. మామగారు తన బొటనవేలు ఆ ఇనుము మీద పెట్టి బొగ్గుతో గీత గీసుకున్నాడు. నేను మళ్లీ గాలి కొట్టాను. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ దాని ఊసెత్తలేదు. ఆయన బతికినన్నాళ్లూ నాతో నేరుగానే మాట్లాడాడు, ఏ పని మొదలుపెట్టినా ఒకసారి నా ముఖం వంక చూసేవాడు. అది మన్నింపు అడగడమో, నేను ముందే ఎందుకు చెప్పలేదని అడగడమో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. బండి చక్రాలు మాత్రం ఎప్పటిలాగే బిగువుగా చేశాడు. చెయ్యాలి కూడా.

ఇక మిగిలింది పిన్ని, బాబాయి భార్య. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆవిడ ఇంటి ముందు నుంచే పోవాలి. మొదట్లో చుట్టు తిరిగి ఉప్పు కొటార్ల వైపు నుంచి పోయేదాన్ని. ఎవరో చెప్పినట్టున్నారు, ఒకసారి ఆవిడే అమ్మ ఇంటికి వచ్చేసింది. "ఏందమ్మాయ్, మా గుమ్మం చేదైపోయిందా నీకు?" అంటూ నన్ను లాక్కెళ్లి, అటుకులు పోపు పెట్టి తినిపించింది. "మీ మావ చేతి పని గట్టిదేనమ్మా. ఆ రోజు గాలి అట్టాంటిది, ఎవరేం చేస్తారు" అని నన్నే ఓదార్చింది. ఆ అటుకులు ఎలా మింగానో నాకు తెలుసు. చెప్పాలనుకున్నాను. కడియం సంగతి ఒక్కటే కాదు, పప్పు కలుపుతూ నేను కోరుకున్న కోరిక కూడా. ఆ ఏడాది ఆవిడ దుఃఖం ఇంకా పచ్చిగా ఉందని ఊరుకున్నాను. తర్వాత పిల్లలు ఎదుగుతున్నారు, ఇప్పుడెందుకు కదపడమని ఊరుకున్నాను. తర్వాత తెరచాపలు పోయి ఇంజన్ బోట్లు వచ్చాయి, ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. తమ్ముడు పోయాక, ఆయనకిచ్చిన మాట కూడా తీరిపోయింది కదా, వచ్చేసారి తప్పకుండా చెబుతాననుకున్నాను. వెళ్లినప్పుడల్లా ఆవిడ నా తల నిమిరేది, నేను వచ్చేసేదాన్ని.

ఈ మార్చిలో పిన్ని పోయింది. పొద్దున్నే ఫోనొచ్చింది. ఫోను పెట్టేశాక నా నోటి వెంట ముందు వచ్చింది "హమ్మయ్య". ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఎవరూ వినలేదు, నేను విన్నాను. నలభై నాలుగేళ్లుగా ఆవిడకు చెప్పడానికి సరైన సమయం కోసం చూస్తున్నాననుకున్నాను. ఆవిడ పోయేదాకా ఆగుతూ వచ్చానని ఆ పొద్దున తెలిసింది.