కుంకుమ వేలిముద్ర

శ్యామసుందరికి భయం కొత్తేమీ కాదు. పెడనలో ఉన్నన్నాళ్ళూ బల్లికి భయపడింది, సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్ వచ్చాక సాలీళ్ళకి భయపడింది. డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు తప్పి, నాలుగోసారి కళ్ళు సగం మూసుకునే పాసయింది. పౌరసత్వం వచ్చి తొమ్మిదేళ్ళయినా, ఫోన్లో తెలియని నంబరు మోగితే ఇమిగ్రేషన్ వాళ్ళేమోనని ఇప్పటికీ లేచి నిలబడుతుంది. భర్త విజయభాస్కర్ నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు, పాపం.

అయితే ఆ పిరికి మనిషి చేతులకి మాత్రం బెదురు లేదు. ఆమె తండ్రి పెడనలో అద్దకం అచ్చులు చెక్కేవాడు. ఆయన ఉలి పట్టుకున్నంత నిబ్బరంగా ఈమె బ్లేడు పట్టుకుంటుంది. అందుకే పశ్చిమ సిడ్నీలో ఒక చిన్న ఆర్ట్ గ్యాలరీ ఆమెకి బొమ్మలకు ఫ్రేములు కట్టే పని ఇచ్చింది. ఆరేళ్ళనుంచీ ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తూ వస్తున్నారు. ఈ డిసెంబరుకి పర్మనెంట్ చేస్తామని మేనేజర్ హెలెన్ మాట ఇచ్చింది. నలభై ఏడేళ్ళ జీవితంలో శ్యామసుందరి తనదని చెప్పుకున్నది ఈ ఒక్క ఉద్యోగమే.

తండ్రి నుంచి చేతులతో పాటు ఇంకోటి కూడా వచ్చింది. దసరాకి ముందురోజు పనిముట్లకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టడం. బొట్టు పెట్టని ఉలి మన మాట వినదని ఆయన నమ్మకం. గ్యాలరీ వర్క్‌షాపులో పొడులూ ద్రవాలూ నిషేధమని గోడమీద బోర్డుంది. అయినా ఏటా ఆ రోజు అందరికంటే ముందు వచ్చి, సుత్తికీ, టేపుకీ, బొమ్మ చుట్టూ అంచుగా కనబడే మౌంట్ అట్ట కోసే కట్టర్ పిడికీ చిటికెడు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని, తొమ్మిదిలోగా తుడిచేసేది. ఈ ఏడూ అంతే చేసింది. పిడి కింది వైపు తుడవడం ఒక్కటే మరిచింది.

ఆరోజు బల్లమీద ఉన్నది తస్నీమ్ బొమ్మ. తస్నీమ్ లాహోరు పిల్ల. అక్కడే సూక్ష్మచిత్రాలు వేయడం నేర్చుకుని మెల్‌బోర్న్‌లో స్థిరపడింది. పాకిస్తాన్ కొత్తతరం చిత్రకారుల ప్రదర్శనలో ఆమెవి ఆరు బొమ్మలు. ఆ బొమ్మలు వేసే అట్టని వస్లీ అంటారు. పల్చటి కాగితాలు నాలుగైదు పిండి జిగురుతో ఒకదానిమీద ఒకటి అతికించి, గవ్వతో అద్దంలా రుద్దుతారు. తస్నీమ్ బొమ్మల్లో ఆ పై కాగితం కొన్నది కాదు. ఆమె తల్లి ఉర్దూలో కథలు రాసేది. ఆఖరి కథ సగంలో ఉండగా పోయింది. ఆ కథ రాసిన కాగితాలనే కూతురు వస్లీ చేసింది. ఆరో బొమ్మ ఆఖరి కాగితం. ఆ కథలో కర్ఫ్యూ రోజు బస్సుకోసం నిలబడ్డ టీచరమ్మ గొడుగుని, ఉడుత తోకవెంట్రుకల కుంచెతో ఒక్కో దారమూ కనబడేలా గీసింది. కింద తల్లి చేతిరాత. ఉర్దూ కుడినుంచి ఎడమకి నడుస్తుంది కదా, ఎడమ అంచు దగ్గర వాక్యం మధ్యలో ఆగిపోతుంది. ఆ తరవాత రెండంగుళాల ఖాళీ. అమ్మ ఆగిన చోటు అందరికీ కనబడాలి, అందుకే ఈ బొమ్మ వేశాను అని తస్నీమ్ కాగితంమీద రాసి మరీ పంపింది.

శ్యామసుందరి చేతులు కడుక్కుని వచ్చింది. అడ్డంగా ఉందని ఎడమచేత్తో కట్టర్ పిడి పట్టుకుని పక్కకి జరిపింది. బొమ్మను రెండు అంచులా పట్టుకుని ఎత్తి మౌంట్ మీద పెట్టింది. ఎడమచెయ్యి తీసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

వాక్యం ఆగిన చోట, తెల్లటి ఖాళీలో, ఎర్రగా ఆమె బొటనవేలి ముద్ర! గీతలతో సహా స్పష్టంగా ఉంది. దొంగ తన చిరునామా రాసిపెట్టి వెళ్ళినట్టుంది.

తడి దూది వెయ్యబోయి ఆగింది. కొట్లో కొన్న కుంకుమ, అంతా రంగే. తడి తగిలితే పక్కనున్న సిరాలోకి పాకుతుంది. బాత్రూములోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుని భర్తకి ఫోన్ చేసింది.

"ఏవండీ, నా కొంప మునిగిందండీ," అని ఏడుపు మింగుతూ అంతా చెప్పింది.

విజయభాస్కర్ ఆఫీసులో మీటింగ్ వదిలి బయటికొచ్చాడు. "సుందరీ, కామ్‌గా విను. ఆ మౌంట్ అంచు ఇంకో రెండంగుళాలు లోపలికి కొయ్యి. మార్క్ కవర్ అయిపోద్ది. హూ విల్ నో?"

"ఆవిడ ఖాళీ కనబడాలని రాసిందండీ."

"కొలత తప్పిందని చెప్పు. మే నెల్లో బోర్డర్‌లో గొడవైనప్పటినుంచీ మన వాట్సాప్ గ్రూపులు చూస్తన్నావు కదా? పాకిస్తాన్ బొమ్మకి హిందువు కుంకుమ పెట్టిందంటే, మనోళ్ళు నీకు దండేస్తారు, వాళ్ళోళ్ళు నీ మీద కంప్లైంట్ పెడతారు. యాక్సిడెంట్ అంటే నమ్మేవాడు ఒక్కడు చూపించు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనని తానే తిట్టుకుంటూ బల్లదగ్గరికొచ్చింది. కొత్త అట్ట తీసి రెండంగుళాలు ఎక్కువగా కొలిచింది. బ్లేడు పెట్టింది. కొయ్యలేకపోయింది. కోస్తే ఉద్యోగం ఉంటుంది. కానీ ఎప్పుడో ఒకనాడు తస్నీమ్ ఆ ఫ్రేము విప్పుతుంది, తల్లి రాత పక్కన ఎవరిదో ఎర్ర వేలు చూస్తుంది. ఆనాడు తాను ఎక్కడున్నా ఆ వేలు తనదే.

హెలెన్ తలుపులోంచి తొంగిచూసి, "రెండింటికి తస్నీమ్ వస్తోంది, కండిషన్ రిపోర్ట్ రెడీగా ఉంచు" అని చెప్పి వెళ్ళిపోయింది. బొమ్మకి ఎక్కడ ఏ మచ్చ ఉన్నా ఆ రిపోర్టులో రాయాలి. చిత్రకారిణీ పనిచేసినవాళ్ళూ ఇద్దరూ సంతకం చెయ్యాలి. శ్యామసుందరి ఒంటిగంటదాకా పెన్ను పట్టుకుని కూచుంది. చివరికి మూడు ముక్కలు రాసింది. కుంకుమ. నా బొటనవేలు. పనిముట్లకు పూజ చేశాను.

తస్నీమ్ రెండింటికి వచ్చింది. ముప్ఫైయ్యేళ్ళ సన్నటి మనిషి. హిందీలోనే మాట్లాడుకున్నారు. రిపోర్టు చదివింది, బొమ్మమీదికి వంగింది.

"మీ పేరు చూసినప్పుడే హెలెన్‌కి ఉత్తరం రాశాను, వేరేవాళ్ళ చేత కట్టించమని," అంది వంగే ఉండి. "సిగ్గుపడి పంపలేదు. ఇప్పుడు చెప్పండి. మీరు కావాలని చెయ్యలేదని నాకెలా తెలుస్తుంది?"

శ్యామసుందరి తను రాసిన మూడు ముక్కలకేసి చూసింది. "తెలియదమ్మా. నా మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు."

తస్నీమ్ తలెత్తింది. ఆమె కళ్ళలో కోపం కంటే బెదురే ఎక్కువుంది. సంచీలోంచి సన్నటి బ్లేడు తీసింది. తప్పు గీతను సూక్ష్మచిత్రాలు వేసేవాళ్ళు దానితోనే పొడిగా గీకి తీస్తారు. అమ్మ అక్షరం దగ్గరికి బ్లేడు తీసుకెళ్ళేసరికి ఆమె చెయ్యి వణికింది. రెండోసారీ వణికింది. "నావల్ల కాదు. మీ చేతులు ఆడతాయా?" అని బ్లేడు శ్యామసుందరికే ఇచ్చింది.

ముప్పావుగంట పట్టింది. ఒక్కో రేణువూ గీకి, మెత్తటి కుంచెతో ఊడ్చింది. ఎరుపు పోయింది గాని లేత గులాబీ నీడ మిగిలింది. ఇంకొంచెం గీకితే కాగితం చిరుగుతుంది.

"చాలు," అంది తస్నీమ్. రిపోర్టుమీద సంతకం చేసింది. కారణం అన్న గడిలో ప్రమాదం అని తన చేత్తో రాసింది. తరవాత, "మౌంట్ రెండంగుళాలు లోపలికి కొయ్యండి," అంది.

"ఖాళీ కనబడాలన్నారు కదా?"

"అన్నాను. ఆ ఖాళీయే మొత్తం బొమ్మ అన్నాను." ఆమె బ్లేడు సంచీలో పెట్టుకుంది. "శనివారం ప్రదర్శనకి మావాళ్ళూ వస్తారు, మీవాళ్ళూ వస్తారు. ఆ మరక చూసి ఒక్కొక్కళ్ళు ఒక్కొక్కటి అంటారు. వాళ్ళందరికీ మీ మాట చెప్పడానికి నేనెక్కడ సరిపోతాను? నాకు భయం వేస్తోంది."

శ్యామసుందరి ఏడుస్తూనే కోసింది. హెలెన్ రిపోర్టు చదివి, గోడమీది బోర్డు వైపు వేలు చూపించి, డిసెంబరు సంగతి మళ్ళీ మాట్లాడదాం అంది. అది ఎటు తేలుతుందో శ్యామసుందరికి ఇప్పటికీ తెలియదు.

శనివారం మధ్యాహ్నం గ్యాలరీ కిటకిటలాడింది. శ్యామసుందరి ఆరో బొమ్మ పక్కనే స్తంభంలా నిలబడింది. ఎవరు వంగినా ఎడమ అంచుకేసి చూసింది. నాలుగింటికి ఒక పెద్దాయన, లాహోరులో ఉర్దూ లెక్చరరుగా చేసి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినాయన, కళ్ళద్దాలు పైకి తోసి చేతిరాత చదివాడు. చదువుతూ చదువుతూ ఎడమ అంచుకి వచ్చి ఆగి, పక్కకొచ్చిన తస్నీమ్ వైపు తిరిగాడు.

"అమ్మాయ్, వాక్యం అట్టకింద పడిపోయిందే! మీ అమ్మ అక్కడ ఏం రాసింది? ఇంకా ఉందా?"

తస్నీమ్ శ్యామసుందరి మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఉంది అంకుల్," అంది. "ఇంకా ఉంది."

ఆయన తృప్తిగా తలూపి పక్క బొమ్మకి వెళ్ళిపోయాడు. తల్లి ఆగిపోయిన చోటు నలుగురికీ చూపించాలని రెండేళ్ళు కష్టపడ్డ పిల్ల, తల్లి ఆగలేదని చెప్పింది. శ్యామసుందరి ఆమె మొహంలోకి చూడలేకపోయింది. తలుపులోంచి ఇంకా జనం వస్తూనే ఉన్నారు. మణికట్టు వదలకుండా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.